చుక్క తర్వాతి అంకె

జూన్ 2

ఒరేయ్ చిన్నోడా,

ఎలా ఉన్నావని అడగను. జైల్లో ఉన్నవాడు ఆ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాడు పాపం! తింటున్నావా లేదా అని అమ్మ అడగమంది, అడిగాను. నిద్ర పడుతోందా అని నేను అడుగుతున్నాను.

నిన్న వకీలు దగ్గరికి వెళ్ళాను. అవి దొంగ సరుకని తెలియకుండానే నీ షాపుకి ఆ కంప్యూటర్ బోర్డులు కొన్నావని కోర్టులో తేలడానికి చాలాకాలం పడుతుందట. ఈలోగా బెయిలు రావాలంటే నెలజీతం వచ్చే మనిషి ఎవరైనా జామీను నిలబడాలట. మన చుట్టాల్లో అలాంటివాళ్ళు లేకపోలేదు. ఫోన్ చేస్తే ఒకాయనకు నడుం నొప్పి, ఇంకొకాయన ఊళ్ళో లేడు, పిన్నికైతే అసలు మనం ఎవరో గుర్తు రావడానికే కాసేపు పట్టింది. కాబట్టి ఆ నెలజీతం మనిషి నేనే కావాలి.

నేను ఇప్పటిదాకా చేసిన పనికి చేసినంత తీసుకునేదాన్నే కదా. ఆఫీసు భవనం ఖాళీ చేసి అందర్నీ ఇళ్ళ నుంచే పని చెయ్యమన్నాక మా మేనేజరు ఒక మాట అన్నాడు. కట్టబోయే ఆసుపత్రి లోపల మనం నడుస్తున్నట్టు చూపించే వీడియో వచ్చే నెల ■■■■ తారీఖు లోపు ఇస్తే నన్ను నెలజీతం మీద తీసుకుంటాడట. బొమ్మలన్నీ గీసేశాను. ఇక వాటికి వెలుగునీడలు అద్ది వీడియోగా తయారుచెయ్యాల్సింది కంప్యూటరే. నువ్వు లోపలికి వెళ్ళే ముందు నా కోసం కట్టిచ్చిన పెట్టె మంచిదే, కాదనను. కానీ ఆ ఆసుపత్రి వరండాలో గాజు తలుపులున్నాయి చూడూ, అక్కడికి వచ్చేసరికి ఒక్కొక్క ఫ్రేముకీ ఆవలిస్తోంది. ఈ లెక్కన గడువు దాటిన వారానికి గానీ పని తెమలదు.

దాన్ని ఇంకాస్త పరిగెత్తించవచ్చని, ఓవర్‌క్లాకింగ్ అంటారని నువ్వే అన్నావు. నెట్‌లో వెతికాను. ఒక్కొక్కడూ ఒక్కో మాట. పైగా ఒకడు కాలిపోయిన చిప్పు ఫొటో పెట్టి పళ్ళికిలిస్తున్నాడు. నువ్వే చెప్పు, మెట్టు మెట్టుగా, నాలాంటి మొద్దుకి కూడా అర్థమయ్యేట్టు. నువ్వు బయటికి రావడం ఇప్పుడు ఆ పెట్టె చేతిలో ఉంది.

నీ అక్క


జూన్ 9

అక్కా,

ముందుగా ఈ ఉత్తరం చదువుతున్న సారుకి నమస్కారం. నీకు తర్వాత. ఎందుకంటే ఇక్కడ లోపలికొచ్చే ఉత్తరమైనా బయటికెళ్ళే ఉత్తరమైనా ఆయన చదివాకే. ఎప్పుడో ఎవరో ఖైదీ అంకెల భాషలో బయటివాళ్ళతో మంతనాలు జరిపాడట. అప్పట్నుంచి పైన వేసే తేదీ తప్ప ఏ అంకె కనబడినా నల్లసిరాతో కొట్టేస్తారు. అక్షరాల్లో రాసినా వదలరు, ఒకటీ అరా ముప్పాతికా లాంటి మాటలు తప్ప. నీ గడువు తేదీ నాకు నల్లగానే అందింది. ఫోన్ అంటావా, ఈ జైలుకి కొత్తగా మారాను కాబట్టి నా వంతు ఇంకా రాలేదు. ఉత్తరాల సంచి వారానికోసారి పోస్టాఫీసుకు వెళుతుంది. ఇదీ మన భాగ్యం.

పెట్టె సంగతికి వద్దాం. చిప్పు తయారుచేసినవాడు దాని ఓపికను కాస్త తగ్గించే చెబుతాడు. ఆ మిగిలిన ఓపికను మనం వాడుకుంటాం, అంతే. ఇందులో దొంగతనమేమీ లేదు, సారూ గమనించండి. అయితే ఓపిక వాడుకున్నకొద్దీ వేడి పెరుగుతుంది. కాబట్టి ముందు చెయ్యాల్సింది వేగం పెంచడం కాదు, వేడి చూడడం.

పెట్టె గోడకు ఆనుకుని ఉంటే ఇవతలికి లాగు. పక్క రేకు తియ్యకు, తీస్తే గాలి దారి తప్పుతుంది. ముందున్న జాలీలో దుమ్ము బ్రష్‌తో దులుపు. నేను అందులో పెట్టిన వేడి చూపించే ప్రోగ్రాము తెరిచి, నీ ఆసుపత్రి వీడియోని అరగంట నడిపించు. వేడి ■■■■ డిగ్రీలు దాటకూడదు. దాటితే వెంటనే ఆపెయ్. దాటకపోతే, మళ్ళీ ఆన్ చేస్తూ డిలీట్ మీట నొక్కుతూ ఉండు. చిప్పు అమరికలు మార్చుకునే బయోస్ తెర వస్తుంది. అందులో చిప్పు వేగం ■■■■ అని ఉంటుంది. దాన్ని మెల్లగా ■■■■ దాకా తీసుకెళ్ళాలి.

ఎప్పుడైనా తెర రాకపోతే కంగారుపడకు. స్విచ్చి ఆపి, వైరు పీకి, అప్పుడు మాత్రం పక్క రేకు తీసి, బోర్డు మీద బిళ్ళలా ఉన్న గుండ్రటి బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టు. మనం మార్చినవన్నీ అది మరిచిపోతుంది. మనుషులకి ఆ సదుపాయం లేదు.

తింటున్నానని అమ్మతో చెప్పు. నిద్ర సంగతి అడక్కు.

తమ్ముడు


జూన్ 15

చిన్నోడా,

ఉత్తరమా అది? వేడి ఇంత దాటకూడదని రాసి, ఆ ఇంత దగ్గర తారు పోసినట్టు నలుపు! దీపానికి పట్టి చూశాను, వెనక్కి తిప్పి చూశాను. ఆ సారు సిరా మంచి రకం. సారూ, కోపం తెచ్చుకోకండి. మీ పని మీరు చేస్తున్నారు, మా పని కూడా కాస్త కానివ్వండి.

అంకెలు లేనంతవరకు నువ్వు చెప్పిందంతా చేశాను. జాలీలో దుమ్ము చూసి సిగ్గేసింది, కట్టి నెలన్నా కాలేదు. వీడియో నడుస్తున్నంతసేపూ అమ్మ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే ఎలా చూసేదో అలాగే, అరచెయ్యి తిప్పి పెట్టె నెత్తిన పెట్టి, "ఒళ్ళు కాలిపోతోందే దీనికి, కాసేపు పడుకోనివ్వవే" అంటుంది. నువ్వు కట్టిన పెట్టె కదా, దాని మీద ఈగ వాలనివ్వడం లేదు.

బయోస్‌లోకి వెళ్ళి ఊరికే ఆ వేగం అంకెని కదిపి చూశాను. పసుపురంగులోకి మారింది. ఇంకాస్త కదిపితే ఎర్రబడింది. భయమేసి ఏదీ సేవ్ చెయ్యకుండా బయటికొచ్చేశాను. ఎరుపంటే అర్థమేమిటి?

నాకొక ఉపాయం తోచింది. సారు కొట్టేసేది అంకెలనే కదా. మన ఇంట్లోవాళ్ళకే తెలిసిన అంకెలు లేవా? ఇదిగో చూడు, నా గడువు అమ్మ పుట్టినరోజుకి ముందురోజు. తెలిసిందా? ఇక నువ్వూ అలాగే రాయి.

నీ మీద కాదు, సిరా మీద కోపంతో,
అక్క


జూన్ 22

అక్కా,

నీ బుర్రే బుర్ర! సారు నన్ను పిలిపించి, ఈ పుట్టినరోజుల గొడవేమిటని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఉత్తరాన్ని ఇంకోసారి చదివి, "అంకె కనబడలేదు కాబట్టి కొట్టడానికి ఏమీ లేదు" అన్నారు. మంచాయన.

రాసుకో. వేడి, నీళ్ళు మరిగే డిగ్రీలో ముప్పాతిక దాటనివ్వకు. వేగం, ఇప్పుడున్న అంకెకి మన పాత ఇంటి గుమ్మం ముందు మెట్లెన్నో అంత కలపాలి. ఒక్కసారిగా కాదు సుమా. ఒక మెట్టు ఎక్కు, సేవ్ చెయ్యి, అరగంట నడిపించు, వేడి చూడు. బాగుంటేనే ఇంకో మెట్టు. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ ఈ పనిలో తొందరే విషం.

ఎరుపు గురించి అడిగావు. అది తయారుచేసినవాడి భయం. వాడు గీసిన గీత దాటితే పసుపు, బాగా దాటితే ఎరుపు. మనం చేసే పనే గీత దాటడం. నేను చెప్పిన అంకె పెట్టినప్పుడు ఎర్రబడినా పట్టించుకోకు.

చివరి మెట్టు మీద బిగుసుకుపోవచ్చు. అప్పుడు చిప్పుకి వోల్టేజి కాస్త పెంచాలి. ఆ అంకె ఇప్పుడే చెప్పను. చెబితే ముందే పెట్టేస్తావు. కథల పుస్తకం కొంటే చివరి పేజీ ముందు చదివే రకానివి, నీ సంగతి నాకు తెలియదూ?

నా పక్క చాప మీద ఒక కండక్టరు పడుకుంటాడు. మన ఊరివాడే. ఏ కేసో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. రోజూ పొద్దున్నే "మీ అక్క ఏ మెట్టు మీదుంది?" అని అడుగుతాడు. ఇక్కడ అందరికీ నీ పెట్టే కాలక్షేపం.

తమ్ముడు


జూన్ 28

చిన్నోడా,

ఆ మెట్ల దగ్గర అమ్మకీ నాకూ పెద్ద యుద్ధమే జరిగింది. అన్నిటికంటే కింద ఉన్న బండరాయి కూడా మెట్టే అని నేను. కాదు, అది కాళ్ళు కడుక్కునే రాయి, దాన్ని ఎవరూ మెట్టనలేదు అని అమ్మ. చివరికి రాయి వదిలేసి, అమ్మ లెక్క ప్రకారమే ఎక్కాను.

పరిగెత్తింది రా! ఒక్కో మెట్టుకీ తేడా తెలిసింది. గాజు తలుపులు అలా అలా దాటిపోతుంటే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వేడి ముప్పాతికకి ఇంకా చాలా ఇవతలే ఉంది. కానీ నువ్వన్నట్టే చివరి మెట్టు మీద బొమ్మ బిగుసుకుపోతోంది. మళ్ళీ ఆన్ చేస్తాను, మళ్ళీ బిగుసుకుంటుంది. దాని కింద మెట్టు మీద నడిపిస్తే గడువు ఒక్కరోజు తేడాలో తప్పిపోతుంది. లెక్కవేసి చూశాను. ఒక్కరోజు!

ఆ వోల్టేజి ముందే చెప్పుంటే నాకు వారం కలిసొచ్చేది. నీ గొంతు పిసకాలని ఉంది గానీ అందవు. త్వరగా రాయి, అందాకా కింద మెట్టు మీదే నడిపిస్తుంటాను.

ఇక్కడ ఇంకో తలనొప్పి. సీలు వేసిన నీ షాపులో ఎవరెవరి కంప్యూటర్లు ఇరుక్కుపోయాయో వాళ్ళంతా ఫోన్ చేసి నానా మాటలూ అంటున్నారు. నిన్న ఒకాయన అమ్మని కూడా అన్నాడు. అప్పట్నుంచి తెలియని నంబరైతే ఎత్తడం మానేశాను.

ఎదురుచూస్తూ,
అక్క


జూలై 4

అక్కా,

మెట్టు మెట్టుగా వోల్టేజి వెతుక్కునే వ్యవధి ఇక మనకి లేదు. అక్కర్లేదు కూడా. నీ పెట్టెలో పెట్టకముందు ఆ చిప్పుని షాపులో వారంపాటు నేనే పరీక్షించాను. తక్కువైతే బిగుసుకుంటుంది, ఎక్కువైతే కాలుతుంది. సరిగ్గా ఎక్కడ కుదురుగా నిలబడుతుందో నాకు తెలుసు. చిప్పు చిప్పుకీ అది వేరు, నెట్‌లో ఎవడూ చెప్పలేడు.

బయోస్‌లో వోల్టేజి దగ్గర చుక్కకి ముందున్న అంకెని ముట్టుకోకు. చుక్క తర్వాత మన బడి బస్సు నంబరు పెట్టు. నా చెయ్యి పట్టుకుని ఎక్కించేదానివే, ఆ బస్సు. దూరాన్నుంచి నంబరు చదివి చెప్పమని నన్ను పరీక్ష పెట్టేదానివి, గుర్తుందా? నేరుగా అదే పెట్టి సేవ్ చేసెయ్. ఎర్రబడినా చూడకు.

అక్కా, బయటికొచ్చాక ముందు ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కణ్ణే ఒక గదిలో కూర్చుంటాను. ఎవరూ లెక్కపెట్టని గదిలో.

తమ్ముడు


జూలై 6

అక్కా,

ఆ అంకె పెట్టకు. నా మాట విను, పెట్టకు, పెట్టకు.

సంచి వెళ్ళిపోయాక తెలిసింది నాకు. మధ్యాహ్నం అన్నం దగ్గర కండక్టరుతో గొప్పలు పోయాను, బస్సు నంబరు పెట్టమన్నానని. ఏ నంబరని అడిగాడు. చెప్పాను. ముద్ద కంచంలో పెట్టేసి, "మీ అక్క నీ చెయ్యి పట్టుకుని ఎక్కించేనాటికి ఆ నంబరు ఎక్కడిది బాబూ? అప్పుడు దాని నంబరు ■■■■. నువ్వు చెప్పేది తర్వాత మార్చారు. ఆ రూటులో టికెట్లు కొట్టింది నేనే" అన్నాడు. నువ్వు కాలేజీలో చేరాక నేను ఒక్కణ్ణే ఎక్కిన బస్సు నంబరది. నా బుర్రలో నీ చెయ్యీ ఆ నంబరూ కలిసిపోయాయి. నీకు గుర్తుండేది పాత నంబరే. అది పెడితే చిప్పు బూడిదే.

సారు కాళ్ళ మీద పడ్డాను. వెళ్ళిన సంచి వెనక్కి రాదన్నారు. తన సొంత ఫోన్‌తో నీకు చేశారు. నువ్వు ఎత్తలేదు. నేనెదురుగా ఉండగానే మళ్ళీ చేశారు. మెసేజ్ మాత్రం పెట్టలేరు, రాతలో దొరికితే ఆయన ఉద్యోగం పోతుంది. వీలైనప్పుడల్లా చేస్తూనే ఉంటానన్నారు. ఎత్తు తల్లీ, ఎవరు తిట్టినా సరే ఎత్తు!

ఈ ఉత్తరాన్ని సంచి కోసం ఆపకుండా ఆయనే పోస్టులో వేస్తారట. ఈ ఒక్క అంకె కొట్టనని మాట ఇచ్చారు. ఇరవై ఎనిమిది. చుక్క తర్వాత ఇరవై ఎనిమిది.

మెట్టు మెట్టుగా అని నీకు పాఠాలు చెప్పి, చివరికి నేనే ఎగిరి దూకమన్నాను. నువ్వు ఇప్పుడు ఏం చేస్తున్నావో నాకు తెలియదు. ఈ గోడ ఇవతల కూర్చుని నేను ఏమీ చెయ్యలేను.

తమ్ముడు


జూలై 12
(పోస్టు చెయ్యని ఉత్తరం)

చిన్నోడా,

ఎలా రాయను? మొన్న నీ బస్సు ఉత్తరం అందింది. డెబ్భై నాలుగు. చదవగానే నవ్వొచ్చింది. నీ చెయ్యి ఎప్పుడూ జిగటగా ఉండేది, ఏం తిని తుడుచుకునేవాడివో. ఆ జిగట గుర్తొచ్చి అమ్మకి కూడా చెప్పాను.

చుక్క తర్వాత డెబ్భై నాలుగు కొట్టాను. ఎర్రబడింది. చూడొద్దన్నావు, చూడలేదు. అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది, తెలియని నంబరు. ఆగి మళ్ళీ మోగింది. నాలుగైదు రోజులుగా ఆ నంబరే. "ఎత్తకే, మళ్ళీ తిడతాడు" అంది అమ్మ. ఫోన్ బోర్లా తిప్పి సేవ్ నొక్కాను.

తెర నల్లబడింది. కమురు వాసన వచ్చింది. బ్యాటరీ తీసి పెట్టాను. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాను. ఎన్నిసార్లో తెలియదు, వేలిగోరు విరిగింది. వీధి చివరి షాపతను వచ్చి చూసి, చిప్పూ పోయింది, బోర్డూ పోయింది, గడువులోగా ఇంకోటి తెప్పించలేనన్నాడు. మేనేజరుని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను. నేను గీసిన బొమ్మలన్నీ పట్టుకెళ్ళి ఇంకో అమ్మాయికి ఇచ్చాడు. ఆ కొలువూ ఆమెకే.

నువ్వు చెప్పింది చెప్పినట్టే చేశాను కదరా. ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు. నా చేత్తో నేనే నిన్ను లోపల ఉంచేశాను.


జూలై 15

చిన్నోడా,

కంగారుపడకు. అసలు నీ గుండె నిమ్మళించాకే మిగతాది చదువు.

నీ ఉత్తరాలు ఒకేరోజు అందాయి. పోస్టతను కలిపి చేతిలో పెట్టాడు. నా సంగతి నీకు తెలుసుగా, చివరి పేజీ ముందు చదివే రకాన్ని. తర్వాత రాసిందే ముందు విప్పాను. సారు కొట్టకుండా వదిలిన అంకె కనబడింది. అదే పెట్టాను. ఎర్రబడను కూడా లేదు, పసుపు దగ్గరే ఆగింది. చివరి మెట్టు మీద బిగుసుకోకుండా నడిచింది. వీడియో అయిపోయింది.

ఉద్యోగం మాత్రం రాలేదురా. మేనేజరు బావమరిది కూతురికి ముందే అనుకున్నారట, మనకి ఊరికే ఆశ పెట్టాడు. పెట్టె తప్పేమీ లేదు. నీ తప్పు అసలే లేదు, ఆ మాట నీ నోట రానివ్వకు. జామీనుకి ఇంకెవరినైనా పట్టుకుంటాను. పిన్నికి మళ్ళీ మనల్ని గుర్తుచేస్తాను, ఈసారి ఇంటికే వెళ్ళి.

ఫోన్ ఎత్తనందుకు సారుని క్షమించమను. ఆయన మేలు మరిచిపోను.

అక్క


జూలై 21

అక్కా,

నీ ఉత్తరం సారు స్వయంగా తెచ్చి చేతికిచ్చారు. నాకంటే ముందు చదివింది ఆయనే కదా, మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. కండక్టరు చాప మీద లేచి నిలబడి "రైట్ రైట్!" అని అరిచాడు. బ్యారక్ అంతా నవ్వింది.

ఉద్యోగం సంగతి చదివాక ఒకరోజు అన్నం సహించలేదు, అబద్ధమెందుకు. ఇంకెంతకాలం ఇక్కడుండాలో తెలియదు. కానీ అక్కా, నీ జవాబు వచ్చేదాకా నేను మనిషిని కాను. నా నోటితోనే మన కొంప ముంచానని గోడకేసి తల కొట్టుకున్నాను. కండక్టరు నా పక్కనుంచి కదల్లేదు. ఇప్పుడు ఫరవాలేదు. ఇక్కడ కూర్చుని కూడా ఒక పని సరిగ్గా చెయ్యగలిగాను. నేను కట్టిన పెట్టె నా మాట విని నడిచింది. నా దగ్గర ఇప్పుడున్నది అదొక్కటే. దాన్ని పట్టుకుని ఎంతకాలమైనా ఉంటాను.

ఒక్క కోరిక. ప్రతి ఉత్తరంలోనూ దాని సంగతి రాయి. ఫ్యాన్ చప్పుడెలా ఉంది? మరీ వేడెక్కుతోందా? అమ్మ ఇంకా చెయ్యి పెట్టి చూస్తోందా?

తమ్ముడు


జూలై 28

చిన్నోడా,

పిన్ని ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇచ్చింది, జామీను మాట ఎత్తగానే బాబాయిని అడిగి చెబుతానంది. అడుగుతుందనుకోను. ఇంకొకరున్నారు, వచ్చే వారం వెళతాను.

పెట్టె సంగతి అడిగావు. నువ్వు చెప్పినట్టే గోడకు దూరంగా, పక్క రేకు మూసి పెట్టాను. జాలీలో దుమ్ము రోజూ దులుపుతున్నాను. ఫ్యాన్ చప్పుడుతో ఏ ఇబ్బందీ లేదు.

అమ్మ పొద్దున లేవగానే దాని దగ్గరికే వెళుతుంది. అరచెయ్యి తిప్పి నెత్తిన పెట్టి చూస్తుంది. చాలాసేపు అలాగే ఉంచుతుంది. తర్వాత నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

వేడేమీ లేదురా. చల్లగా ఉంది.

అక్క